నేను దేవతను కానని ధ్రువపత్రం ఇప్పించడం గురించి

తేదీ: పద్నాలుగు, సోమవారం ఉదయం.

ప్రాంతీయ పరిపాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేను దేవతను గాని, దేవత అంశను గాని, దేవత పంపగా వచ్చిన మనిషిని గాని కానని తమ కార్యాలయ ముద్రతో ధ్రువపత్రం మంజూరు చేయడం గురించి.

సూచిక: (అ) రెండు నెలల కిందట నేను సమర్పించిన అర్జీ. (ఆ) దాని మీద తమరు తీసుకున్న చర్య. (ఇ) ఆ చర్య మీద మా భవనంలోని వాళ్లు తీసుకున్న చర్య.

వచ్చే ఆదివారం సాయంత్రం మా వీధిలో ఒక సభ జరగబోతోంది. అందులో నలుగురి ముందు నన్ను నిలబెట్టి, నువ్వు దేవతవా కాదా అని అడగబోతున్నారు. అందువల్ల ఇప్పుడు రాస్తున్నాను. ఆడిట్ శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో ఏనాడూ తప్పు లెక్క మీద సంతకం పెట్టలేదు. ఇప్పుడు ఆ సంతకం నోటితో పెట్టమంటున్నారు. వివరాలు ఈ కింద వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. మేముండే భవనానికి నాలుగు అంతస్తులు. కింద ఒక హాలు ఉంది. నా వాటా సరిగ్గా ఆ హాలు మీద ఉంది. ఏడాది కిందట ఆ హాలును ఒకాయన అద్దెకు తీసుకున్నారు. అంతకుముందు ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ల ఫిల్టర్లు అమ్మేవారు. మా వంటింట్లో ఉన్నది ఆయన అమ్మినదే. బిగించిన రోజు నుంచీ అది కారుతోంది. ఆ సంగతి చెబుదామని ఫోను చేస్తే ఒక్కనాడూ ఎత్తని మనిషి, హాలు తెరిచిన రోజున గుమ్మం మీద "మీ బాధ చెప్పుకోండి, వింటాం" అని బోర్డు పెట్టారు. మూడు వారాలు తిరక్కుండానే జనం ఆయన్ను ఆచార్యులవారు అనడం మొదలుపెట్టారు. ఈ అర్జీలో నేను ఆయన్ను ఫిల్టర్లాయన అనే పేర్కొంటాను. రుజువు ఉన్నంతవరకే రాయడం నాకు అలవాటు.

2. ఆయన బోధ చాలా చిన్నది. అన్నీ వినే ఒకరు ఎక్కడో ఉన్నారట. వారు కనబడరు. మనం నోరు విప్పి పైకి చెబితే వారు వింటారు. సాయంత్రం ఏడింటికి అందరూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఆ రోజు తమకు జరిగింది చెబుతారు. చెప్పడం అయ్యాక మిగతా అందరూ ఒక్కసారిగా "విన్నాం" అంటారు. ఇంతే. ఇంతవరకైతే నాకు ఆక్షేపణ శబ్దం మీదే గాని సిద్ధాంతం మీద లేదు.

3. కానీ చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని వచ్చిన వాళ్లకు, తేలికపడ్డాక ఇంకొంచెం అంటగట్టడం ఆయన పాత వృత్తిలో నేర్చుకున్న విద్య. ఫిల్టరు కొన్నవాళ్లకు స్టాండు అమ్మినట్టు, ఈ వినడం మీద ఆయన మరో సిద్ధాంతం అమ్మారు. మందులు లోపలి చెవిని మూసేస్తాయట. మందులు వేసుకునే వాళ్ల మాట ఆ వినేవారికి అందదట.

మా భవనం రెండో అంతస్తులో వెనుక వాటాలో ఒకామె ఉంటుంది. కుట్టుపని చేసి బతుకుతుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. అందరూ టైలరమ్మ అంటారు. ఆమెకు షుగరు. చలికాలంలో ఇస్త్రీ పెట్టె జారి కుడికాలి మీద పడి గాయమైంది. ఆ గాయాన్ని చూసి ఫిల్టర్లాయన, "అది గాయం కాదమ్మా, అది నోరు. నీ ఒళ్లు ఏదో చెప్పుకుంటోంది. మందేస్తే దాని నోరు నొక్కినట్టే" అన్నారు. ఇక మందులు ముట్టనని ముప్పై మంది ముందు ఆమె చేత ఒట్టు పెట్టించారు. ముప్పై మందీ "విన్నాం" అన్నారు. పైన మా ఇంట్లో నేనూ విన్నాను.

నా కోడలు మందుల దుకాణంలో పనిచేస్తుంది. టైలరమ్మ మాత్రలకు రావడం మానేసిందని తనే నాతో చెప్పింది. నేను మూడుసార్లు పైకి వెళ్లాను. మూడోసారి నాతో ఆమె అన్న మాట: "పిన్నిగారూ, మీకు చదువుంది, పింఛనుంది, కొడుకున్నాడు. నా సంగతి నేను చూసుకుంటాను, మీరు మెట్లు దిగండి." దిగాను. దిగి తమకు మొదటి అర్జీ రాశాను.

4. ఆ అర్జీలో పదకొండు అంశాలు ఉన్నాయి. ఆరోపణకు ఆధారం చూపకపోతే అది చాడీ అవుతుంది. కాబట్టి ఏ రోజు, ఎవరు, ఏ కుర్చీలో, ఎంత గట్టిగా మాట్లాడారో వివరంగా రాశాను. ఉదాహరణకు ఐదవ అంశం ఇలా ఉంది: "పాఠశాల బస్సు నడుపు వ్యక్తి ప్రతి మంగళవారం తన కుమారుడు ఫోను చేయలేదని చెప్పి ఏడ్చును. ఏడ్చునప్పుడు కుర్చీ వెనుకకు జరుగుటచే నేల మీద పెద్ద శబ్దమగును. కుమారుడు ఫోను చేసిన మంగళవారములలో శబ్దము లేదు." ఏడవ అంశం నాలుగో అంతస్తు దంపతుల గురించి. వాళ్లు ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. హాలుకు వచ్చి ఆవిడ పదిమందికి చెబితే ఆయన వింటారు, ఆయన పదిమందికి చెబితే ఆవిడ వింటుంది. తొమ్మిదవ అంశం టైలరమ్మ గాయం గురించి. అసలు విషయం అదే. మిగతా పదీ తమ కార్యాలయం కదలడానికి వేసిన బరువు.

5. తమరు కదిలారు. పన్నెండు రోజుల్లో హాలుకు సీలు పడింది. ఇంత త్వరగా పని జరుగుతుందని నేను అనుకోలేదు. అనుకుని ఉంటే అర్జీ కొంచెం మెత్తగా రాసేదాన్ని. ఫిల్టర్లాయన మైకు చంకన పెట్టుకుని వెనుక గుమ్మం నుంచి వెళ్లిపోయారు. ఇక్కడితో కథ ముగియాలి. అయితే తమ సిబ్బంది ఒక పని చేశారు. సీలు వేసిన తలుపు మీద నోటీసు అంటించి, దాని కింద నా అర్జీ నకలును పదకొండు అంశాలతో సహా అంటించారు. నిబంధన ప్రకారం అది సరైన పనే. నేనైనా అంతే చేసేదాన్ని.

ఆ సాయంత్రం ఏడింటికి అందరూ ఎప్పటిలాగే వచ్చారు. తలుపు మూసి ఉంది. నోటీసు చదవడం మొదలుపెట్టారు. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తిడతారని అనుకున్నాను. ఐదో అంశం దగ్గర బస్సు డ్రైవరు "ఇంకోసారి చదవండి" అన్నాడు. చదివారు. ఏడో అంశం దగ్గర నాలుగో అంతస్తు దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదకొండూ చదవడం అయింది. తరవాత మెట్ల మీద చాలామంది అడుగులు వినిపించాయి.

6. తలుపు తీశాను. ముందు డ్రైవరు ఉన్నాడు. చేతిలో మడత కుర్చీ.

"అమ్మా, ఐదో అంశం మీరే రాశారా?"

"నేనే రాశాను. తప్పు ఉంటే చెప్పు, సవరిస్తాను."

"తప్పేం లేదమ్మా. మంగళవారం అని కూడా రాశారు. మావాడు చేస్తానన్న రోజు మంగళవారం అని మా ఆవిడకే గుర్తులేదు."

"నేను రాసింది ఫిర్యాదయ్యా. నీ మీద."

"అవునమ్మా, నా మీదే" అని కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లలో నా మీద ఎవరన్నా ఏదన్నా రాయడం ఇదే మొదలు."

వెనక నుంచి నాలుగో అంతస్తు ఆవిడ అంది: "అన్నీ వినేవాళ్లు ఒకరున్నారు, కనబడరు అని ఆచార్యులవారు చెప్పేవారు కదా. ఏడాదంతా ఒక్క రోజు మానకుండా విన్నారమ్మా మీరు. మేం ఎవరికి చెప్పుకుంటున్నామో మాకే తెలీలేదు."

"వినక ఏం చేయనమ్మా? మీ గొంతులు అంత పెద్దవి. నేను దేవతను కాను. నాకు మోకాళ్ల నొప్పులు, కుడి కంటికి శుక్లం."

"ఎంత వినయమో చూశారా" అన్నారు ఎవరో.

నాకు కోపం వచ్చింది. "పనీపాటా లేదా మీకు? వెళ్లండి ఇళ్లకు. వెళ్లి అన్నాలు తినండి. ఆ మెట్ల మీద లైటు ఎవరు వేశారో వాళ్లే ఆర్పండి" అని తలుపు వేసుకున్నాను. వాళ్లు "విన్నాం" అన్నారు. వెళ్లారు, తిన్నారు, లైటు ఆర్పారు. ఆ మూడు మాటలూ ఇప్పుడు వాళ్ల మొదటి మూడు సూత్రాలు.

7. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి నా గుమ్మం ముందు, మెట్ల మీద, కింది మలుపు దాకా కుర్చీలు పడుతున్నాయి. నేను తిడితే అది బోధ అంటున్నారు. మౌనంగా ఉంటే పరీక్ష అంటున్నారు. తలనొప్పిగా ఉందని లోపలికి వెళితే, మా బరువంతా అమ్మ మోస్తోంది అంటున్నారు. ఏం చేస్తే దేవత కాకుండా పోతానో నాకు అంతుపట్టడం లేదు.

మా ఇంట్లో వాళ్ల సహకారం కూడా లేదు. కోడలితో చెప్పుకుంటే, "ఇంట్లో మీరు ఇదివరకు నుంచీ అంతే కదా అత్తయ్యా. ఇప్పుడు బయటవాళ్లకు తెలిసింది, అంతే" అంది. రెండో తరగతి చదివే మనవరాలు, "నానమ్మా, నువ్వు దేవతవైతే నా చేత ఎక్కాలు ఎవరు అప్పజెప్పించుకుంటారు?" అని అడిగింది. "నేనే" అన్నాను. "అయితే ఏం మారింది?" అని ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

భవనం కమిటీ కార్యదర్శి గారి ప్రవర్తనను ప్రత్యేకంగా తమ దృష్టికి తేవలసి ఉంది. నివారించవలసిన ఈయన ప్రోత్సహిస్తున్నారు. "మేడమ్, మీరు ఒక్క మాటన్నారు, చెప్పులు అడ్డదిడ్డంగా వదలొద్దని. ఇప్పుడు ఏ వాటా ముందు చూసినా వరసలో ఉంటున్నాయి. నేను ఆరేళ్లుగా సర్క్యులర్లు ఇస్తే ఒక్కడు కదల్లేదు. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టండి, మీ మాటతోనే లిఫ్టు కూడా బాగు చేయించుకుంటాం" అన్నారు.

"నేను కాదంటుంటే మీరు లిఫ్టు కోసం నన్ను దేవతను చేస్తారా?"

"ఏ దేవుణ్నయినా మనుషులు ఇందుకే కదా మేడమ్ పెట్టుకునేది" అని నవ్వారు. చదువుకున్న మనిషి.

8. న్యాయంగా కొన్ని విషయాలు వాళ్ల పక్షాన కూడా నమోదు చేయాలి. నాలుగో అంతస్తు దంపతులు నా గుమ్మం ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నారు. మొన్న ఆయన ఆవిడను "చలేస్తోందా" అని నేరుగా అడిగారు. చుట్టూ ఉన్న వాళ్లంతా అటు తిరిగి చూశారు. డ్రైవరుకు జ్వరమొస్తే రెండు వాటాల వాళ్లు మూడు పూటలా గంజి తీసుకెళ్లారు. నేను చెప్పలేదు. అడిగితే, "ఆయన మంగళవారం చప్పుడు చేయలేదమ్మా, అందుకని వెళ్లి చూశాం" అన్నారు.

నేను ఆలోచించాను. తమ కార్యాలయంలో నీటి పన్నుకు ఒక కిటికీ ఉంది, పుట్టుకకు ఒకటి, చావుకు ఒకటి. పుట్టుకకూ చావుకూ మధ్య మనిషికి ఏదన్నా చెప్పుకోవాలనిపిస్తే దానికి కిటికీ లేదు. ఆ ఖాళీని చూసి ఫిల్టర్లాయన కుర్చీలు వేశారు. ఆయన దొంగ సరుకు అమ్మారన్నది నిజం. కొనడానికి వచ్చిన వాళ్ల దాహం మాత్రం దొంగది కాదు. హాలుకు సీలు వేసినప్పుడు ఈ రెండింటినీ వేరు చేయలేదు. నా అర్జీలో నేనూ వేరు చేయలేదు. కోరింది సీలు, వచ్చింది సీలు.

9. ఇక అసలు విషయం. అందరూ వచ్చిన రెండో సాయంత్రం టైలరమ్మ కూడా వచ్చింది. కుంటుకుంటూ వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. అప్పటికి కాలి వేళ్ల దాకా నల్లబడింది. నేను అందరినీ దాటి ఆమెను చూసి అడిగాను.

"నీ సంగతేంటి? మాత్ర వేసుకుంటున్నావా?"

"లేదమ్మా."

"లే. వెళ్లి వేసుకో. రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్లు. నా కోడలు తీసుకెళుతుంది."

లేచింది. మెట్లెక్కి వెళ్లి మాత్ర వేసుకుని, గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి నాకు చూపించింది. అందరూ "విన్నాం" అన్నారు.

అయ్యా, మూడుసార్లు నేను ఆమె గడప దగ్గర నిలబడి చెప్పిన మాట ఇదే. నోరు అదే, మాత్ర అదే. పక్కవాటా మనిషిగా చెబితే మెట్లు దిగమంది. దేవతగా చెబితే గ్లాసు చూపించింది. ఆ రోజు నాకు కలిగింది సంతోషమా, అవమానమా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

అప్పటి నుంచి రోజూ ఏడింటికి నేను అడుగుతాను, ఆమె వేసుకుంటుంది. నలుపు తగ్గింది. గాయం సగం పూడింది. ఇంకో రెండు నెలలు మందు తప్పకపోతే కాలు నిలుస్తుందని, మధ్యలో ఆపితే పాదం తీసేయవలసి వస్తుందని డాక్టరు చెప్పారు. ఆమె మిషను తొక్కేది ఆ కాలితోనే.

10. ఇటువంటి సమయంలో ఫిల్టర్లాయన తిరిగి వచ్చారు. పోయిన శుక్రవారం మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడ్డారు. మనిషి కొంచెం చిక్కారు. మర్యాదగానే మాట్లాడారు.

"అమ్మగారూ, మీ మీద నాకు కోపం లేదు. జనం మీ దగ్గరికి వస్తున్నారు, మంచిదే. కానీ ఇది నడపడం మీ వల్ల కాదు. మీరు పైన కూర్చోండి. కింద సంగతి నేను చూసుకుంటాను."

"ఫిల్టరు కారుతోంది" అన్నాను.

"ఏంటండీ?"

"మీరు అమ్మిన ఫిల్టరు. వాషరు మార్చాలి. తెచ్చారా?"

"నేను ఇప్పుడు ఆ పని చేయడం లేదమ్మా."

"అయితే మీతో నాకు పని లేదు."

కిందికి వెళ్లి ఆయన డ్రైవరుతోనూ, ఇంకొందరితోనూ చెప్పిన మాట కార్యదర్శి గారు నాకు చేరవేశారు. ఆదివారం వీధిలో అందరినీ పోగు చేసి నన్ను సూటిగా అడుగుతారట. అవునంటే, ఆమె వస్తుందని ముందే చెప్పింది నేనే అని ఆయన నా పక్కన నిలబడతారు. కాదంటే, "చూశారా, మామూలు మనిషే. మరి ఆమె మాట మీద మందులు మింగిన వాళ్ల ఒట్టు ఏమైనట్టు? రండి, మళ్లీ మొదలుపెడదాం" అంటారు. తెలివైన మనిషి. ఈ తెలివిలో పావు వంతు వాషరు మీద పెట్టలేదు.

11. అవునంటే నేను అబద్ధం ఆడినదాన్ని అవుతాను. కాదంటే ఒకామె కాలు పోతుంది. ఈ రెండు పద్దులూ ఎటు కూడినా సరిపోవడం లేదు. కాబట్టి నేను మనిషినన్న సంగతి నా నోటి నుంచి కాకుండా ప్రభుత్వ ముద్రతో బయటికి రావాలని కోరుతున్నాను. దాంతోపాటు యూనిఫాం వేసుకున్న నర్సును ఒకరిని రోజూ సాయంత్రం టైలరమ్మ దగ్గరికి పంపాలి. మా భవనంలో వాళ్లకు దేవుడి తరవాత యూనిఫాం మీదే గురి. ధ్రువపత్రం ఇచ్చే రోజే నర్సు రావాలి. ఒక్క పూట కూడా మధ్యలో ఖాళీ ఉండకూడదు.

పైన రాసినదంతా నేను కళ్లతో చూసి, చెవులతో విని రాసింది. తమరు ఈ అర్జీని గుమాస్తా చేత సారాంశం చెప్పించుకోకుండా స్వయంగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలైన మనిషి,
మొదటి అంతస్తు, ముందు వాటా.

తా.క. తేదీ పదిహేడు, గురువారం. శుద్ధప్రతి రాసిన అర్జీలో కొట్టివేతలు ఉండకూడదు గనుక పైదంతా అలాగే ఉంచి, తరవాత జరిగింది కింద చేరుస్తున్నాను.

సోమవారమే తమ కార్యాలయానికి వచ్చాను. అర్జీలు తీసుకునే గుమాస్తా విషయం చదివారు. మళ్లీ చదివారు. లేచి నిలబడి నాకు కుర్చీ వేశారు. "అవునని కాయితం కావాలని ఏడాదికి ఇద్దరో ముగ్గురో వస్తారమ్మా. కాదని రాయించుకోవడానికి వచ్చినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, తనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, పై అధికారి తన మొహం చూసి మాట్లాడి ఏడాది దాటిందని చెప్పుకున్నారు. విన్నాను. వినకుండా ఎలా వస్తాను? అంతా అయ్యాక, కాదని ఇవ్వడానికి నమూనా లేదని చెప్పి అర్జీ తిరిగి ఇచ్చేశారు. నా వెనక వరుసలో ఉన్న ఇద్దరు కూడా నాతో మాట్లాడాలని చూశారు. బస్సుకు వేళైందని వచ్చేశాను.

నిన్న సాయంత్రం, ఇంకా ఎవరూ రాకముందే టైలరమ్మ మా ఇంటికి వచ్చింది. నేను కుట్టమని ఇచ్చిన దిండు గలీబులు తెచ్చింది. ఆదివారం కంటే ముందే ఆమెకు తెలియాలని నేనే ఎత్తుకున్నాను.

"చూడమ్మా, ఆదివారం అందరి ముందు నేను దేవతను కాదని చెప్పబోతున్నాను."

"ఎందుకండీ పిన్నిగారూ?" అంది. రెండు నెలల తరవాత ఆమె నోట ఆ పిలుపు వినడం అదే.

"కాదు కాబట్టి."

"కాదని నాకు తెలీదా ఏంటి?" గలీబు అంచు చూపుడువేలితో సరిచేస్తూ అంది. "మనుషుల కొలతలు తీసుకుని బతికేదాన్ని. మీరు మెట్లెక్కుతుంటే మీ మోకాళ్లు పటపటమనడం నా వాటాలోకి వినిపిస్తుంది."

"మరి రోజూ ఎందుకొచ్చి కూర్చుంటున్నావు? నేను చెబితే ఎందుకు మింగుతున్నావు?"

కుడికాలు కొంచెం చాపుకుని కూర్చుంది.

"ముప్పై మంది ముందు ఒట్టేశాను కదండీ. వేసిన మర్నాటి నుంచే భయం. కాలు నల్లబడుతుంటే దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని, నాకే కనబడకుండా. మీరు పైకొచ్చి చెప్పినప్పుడు గబుక్కున మింగేయాలనే అనిపించింది. మింగితే? పక్కవాటా ఆవిడ నాలుగు మాటలంటే ఒట్టు తప్పింది అంటారు. మా ఆయన పోయాక నన్ను ఎవరన్నా లెక్కలోకి తీసుకున్నారంటే మాట మీద నిలబడతాననే. ఇచ్చిన రోజుకి గుడ్డ ఇస్తాను. అన్న మాట తప్పను. అదొక్కటే ఉంది నాకు. మనిషి చెబితే తప్పినట్టు. పైవాళ్లు వచ్చి చెబితే తప్పినట్టు కాదు కదా. విడిపించినట్టు."

"అంటే అందరూ కలిసి నన్ను..."

"అందరి సంగతి నాకు తెలీదు. నన్ను మాత్రం మీరు విడిపించారు. ఎలా విడిపించారన్నది వీధిలో నిలబడి చెప్పాల్సిన పనేముంది?"

"నన్ను అబద్ధం ఆడమంటావా?"

"మిమ్మల్నా? మీరు ఆడమన్నా ఆడలేరు." నవ్వింది. "అవునని చెప్పకండి. కాదనీ చెప్పకండి. ఏదన్నా తేల్చడం ఇష్టం లేకపోతే మీ ఆఫీసుల్లో ఏం చేసేవారు?"

"పెండింగులో పెట్టేవాళ్లం."

"పెట్టండి మరి."

సర్వీసులో ఉన్నన్నాళ్లూ పెండింగు ఫైళ్ల మీద నేను రాసినంత ఘాటుగా ఎవరూ ఆక్షేపణలు రాసి ఉండరు. ఆ రాతలు ఎక్కడైనా భద్రంగా ఉంటే వాటిని ఉపసంహరించుకోవడం లేదు. ఈ ఒక్క ఫైలుకు మాత్రం మినహాయింపు కోరుతున్నాను. కాబట్టి ఈ అర్జీని ఈసారి నేరుగా తమ చేతికే ఇస్తున్నాను. ఇకమీదట జరగవలసినవి:

1. పైన కోరిన ధ్రువపత్రాన్ని మంజూరు చేయరాదు. తిరస్కరించనూ రాదు.

2. ఈ అర్జీకి నంబరు వేసి, పెండింగులో ఉంచవలెను. అది ఎలా చేయాలో తమ కార్యాలయానికి నేను చెప్పనక్కర్లేదు.

3. ఆదివారం నన్ను అడిగితే, "ఆ విషయం అధికారి గారి పరిశీలనలో ఉంది" అంటాను. ఆ మాట నిజం కావాలి గనుక, శనివారం సాయంత్రంలోగా తమరు దీన్ని ఒక్కసారైనా తెరిచి పరిశీలించవలెను.

4. కింది హాలు సీలు తీయించి భవనం కమిటీకి అప్పగించవలెను. కుర్చీలు వేసుకోవచ్చు. మైకు ఎవరికీ ఇవ్వరాదు.

5. నర్సును పంపేటట్లయితే కట్టు మార్చడానికి మాత్రమే పంపవలెను. టైలరమ్మ మాట తప్పిందో లేదో ఆమె అడగరాదు.

6. తమ గుమాస్తాను రేపు పొద్దున తమ గదికి పిలిచి, మొహం చూసి, రాత్రి నిద్ర పట్టిందా అని అడగవలెను.

7. గాయం పూర్తిగా మానిందని డాక్టరు రాసి ఇచ్చిన రోజున ఈ ఫైలు తీసి, నేను మనిషినని రాసి ఇవ్వవలెను. తేదీ ఆ రోజుదే వేయవలెను.

8. అంతవరకు సాయంత్రం ఏడు గంటల వేళ నన్ను ఏ విచారణకూ పిలవరాదు. అది ఆమె మాత్ర వేసుకునే వేళ. నేను గుమ్మంలో ఉండాలి.